టాంబరిన్ పట్టిన చేయి: జాక్ యాష్‌ఫర్డ్ వాద్య జీవితం

సభకు నమస్కారం. వేదికపై ఉన్న పెద్దలకు, వాద్యకారులైన మిత్రులకు, పాట మీద ప్రేమతో ఈ సాయంత్రం ఇక్కడికి వచ్చిన శ్రోతలందరికీ వందనాలు.

సినిమా పాటల్లోనూ ఇతర జనరంజక సంగీతంలోనూ సెషన్ పర్కషనిస్టు, అంటే రికార్డింగుకు పిలిస్తే వచ్చి లయవాద్యాలు వాయించి వెళ్లే వాద్యకారుడు, జీవితం ఎలా గడుపుతాడో చెప్పమని నిర్వాహకులు నన్ను అడిగారు. వృత్తి గురించి సాధారణంగా నాలుగు మాటలు చెప్పి ఊరుకోవడం కంటే, ఒక మనిషి నడిచిన దారిని పట్టుకుని వెళ్తే ఆ వృత్తిలోని కష్టమూ, కళా, లెక్కలూ అన్నీ బయటపడతాయని నా నమ్మకం. అందుకని జాక్ యాష్‌ఫర్డ్ అనే అమెరికన్ వాద్యకారుణ్ణి ఎంచుకున్నాను. ఆయన 1934 మే 18న ఫిలడెల్ఫియాలో పుట్టారు. 1960లలో డెట్రాయిట్ నగరం నుంచి మోటౌన్ సంస్థ విడుదల చేసిన పాటల్లో మనకు వినిపించే టాంబరిన్ (చెక్క చట్రానికి లోహపు బిళ్ళలు తాపిన వాద్యం) గలగలలు చాలావరకు ఆయన చేతివే. ఆ పాటలు పాడిన మార్విన్ గే, డయానా రాస్, స్టీవీ వండర్ పేర్లు మన హైదరాబాదులోనూ విశాఖపట్నంలోనూ పాశ్చాత్య సంగీతం వినేవారికి బాగా తెలుసు. యాష్‌ఫర్డ్ పేరు అమెరికాలోనే చాలాకాలం ఎవరికీ తెలియదు. అలా తెలియకపోవడానికి కారణాలున్నాయి, దాని ఫలితాలు ఆయన జేబు దాకా వెళ్లాయి. ఈ ప్రసంగంలో నేను ముఖ్యంగా చెప్పదలచినది అదే.

మోటౌన్ కథ క్లుప్తంగా చెబుతాను. 1959 జనవరిలో బెర్రీ గోర్డీ అనే యువకుడు తన కుటుంబ సభ్యులు కలిసి దాచుకున్న నిధి నుంచి 800 డాలర్లు అప్పుగా తీసుకుని రికార్డుల సంస్థ పెట్టాడు. అదే ఏడాది డెట్రాయిట్‌లోని వెస్ట్ గ్రాండ్ బూలవార్డ్‌లో 2648 నంబరు ఇల్లు కొని, అంతకుముందు ఫొటో స్టూడియోగా ఉన్న వెనుక భాగాన్ని రికార్డింగ్ గదిగా మార్చి, ఇంటి ముందు హిట్స్‌విల్ యు.ఎస్.ఎ. అని బోర్డు రాయించాడు. చిన్న గది అది. కప్పు నుంచి తీగలు ఎక్కడపడితే అక్కడ వేలాడుతుండేవి కాబట్టి వాద్యకారులు ఆ గదికి పాముల గొయ్యి అని పేరు పెట్టుకున్నారు. పగలు ఆ గదిలో వాయించి, రాత్రి డెట్రాయిట్ క్లబ్బులలో తమకిష్టమైన జాజ్ వాయించుకునే ఒక బృందం అక్కడ తయారైంది. తమను తాము ఫంక్ బ్రదర్స్ అని పిలుచుకున్న ఆ బృందంలో బాస్ గిటారు జేమ్స్ జేమర్సన్‌ది, డ్రమ్స్ బెన్నీ బెంజమిన్‌వి, చేతులతో వాయించే కాంగా, బాంగో డ్రమ్ములు ఎడ్డీ బ్రౌన్‌వి. ఎడ్డీ బ్రౌన్ మార్విన్ గేకు సహాయకుడిగా వచ్చి అక్కడే వాద్యకారుడిగా స్థిరపడ్డాడు.

యాష్‌ఫర్డ్ 1963లో ఈ బృందంలో చేరారు. ఆయన మనసు పడ్డ వాద్యం వైబ్రాఫోన్. వరుసగా పేర్చిన లోహపు పట్టీలను మెత్తని తలలున్న కర్రలతో వాయిస్తారు. పట్టీల కింద గొట్టాలుంటాయి, ఆ గొట్టాల నోట తిరిగే చిన్న రెక్కలు స్వరానికి అల లాంటి కంపనాన్ని ఇస్తాయి. జాజ్ క్లబ్బులలో వైబ్రాఫోన్ వాయించేవారికి పెద్ద గౌరవం. అలాంటి వాద్యకారుడి చేతికి మోటౌన్‌లో ఎక్కువగా వచ్చింది టాంబరిన్. పాట కోరితే వైబ్రాఫోన్, కోరితే గిలక్కాయలా ఊపే మరాకా, కోరితే ఒట్టి చప్పట్లు కూడా. అన్నింటికంటే ఎక్కువసార్లు ఆ చెక్క చట్రమూ ఆ బిళ్ళలూ.

టాంబరిన్ అనగానే మనలో చాలామందికి కోరస్ పాడేవారు సరదాగా ఊపే వస్తువు గుర్తొస్తుంది. కంజీర వాయించే మిత్రులు ఇక్కడ ఉన్నారు కాబట్టి వారికి ఈ మాట వెంటనే అర్థమవుతుంది: చట్రానికి తాపిన బిళ్ళ, చేయి కదిలిన క్షణంలోనే పలకదు. వదులుగా ఉన్న బిళ్ళ కొంచెం ఆలస్యంగా రెండో బిళ్ళను తాకుతుంది, తాకిన తరువాత కూడా కాసేపు మోగుతూనే ఉంటుంది. అందువల్ల దెబ్బ సరిగ్గా కాలంలో పడాలంటే చేతి కదలిక దెబ్బకు ముందే మొదలుకావాలి. ఎంత ముందు అన్నది పాట వేగాన్ని బట్టి మారుతుంది. పాశ్చాత్య పాటలో నాలుగు దెబ్బల ఆవర్తం సాధారణం. ఒక్కో దెబ్బను చతురశ్ర నడకలో నాలుగు భాగాలు చేస్తే పదహారవుతాయి. ఆ పదహారింటినీ మణికట్టుతో ముందుకూ వెనక్కూ ఊపుతూ, రెండో దెబ్బ దగ్గరా నాలుగో దెబ్బ దగ్గరా మాత్రం అరచేతి మడమతో చట్రాన్ని గట్టిగా కొట్టాలి. ముందుకు ఊపినప్పుడు వచ్చే నాదమూ వెనక్కు లాగినప్పుడు వచ్చే నాదమూ ఒకటి కావు. ఆ రెండింటి మధ్య తేడాను చెరిపేస్తే వాద్యం యంత్రంలా వినిపిస్తుంది, మరీ పెంచితే లయ కుంటుతుంది. మూడు నిమిషాల పాటు, ఒక్క చోట కూడా జారకుండా, పాటలోని ఉద్వేగంతో పాటు బలాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఈ పని చేయగలవారు ఏ ఊళ్లోనైనా కొద్దిమందే ఉంటారు. దీన్ని చిన్న వాద్యమనడానికి నాకు నోరు రాదు.

మార్విన్ గే పాడిన 'ఐ హర్డ్ ఇట్ త్రూ ద గ్రేప్‌వైన్' పాటను ఉదాహరణగా తీసుకుందాం. 1967లో రికార్డు చేశారు, 1968లో విడుదలైంది. తన ప్రేయసి మరొకరితో ఉందన్న సంగతి ఊరివాళ్ల నోట విన్న మనిషి బాధ ఆ పాట. మొదట ఎలక్ట్రిక్ పియానో మీద నాలుగైదు స్వరాల చిన్న సంచారం వస్తుంది. గాయకుడు నోరు తెరవకముందే ఆ సంచారం పక్కన టాంబరిన్ వినిపిస్తుంది. అది ఉత్సాహపరిచే గలగల కాదు. పొదలో ఏదో కదిలిన అలికిడి. శ్రోత మనసులో అనుమానం పుట్టేది అక్కడే. అనుమానాన్ని మాటలతో చెప్పినవాడు రచయిత, రాగంతో చెప్పినవాడు గాయకుడు. శబ్దంతో చెప్పినవాడి పేరు ఆ రికార్డు మీద లేదు.

మరి ఆ శబ్దాన్ని ఎవరు రాశారు అని మీరు అడగవచ్చు. వయొలిన్లకూ ఊదే వాద్యాలకూ ఏర్పాటు చేసేవారు స్వరలిపి రాసి ఇచ్చేవారు. డ్రమ్స్, బాస్, గిటారు, పియానో ఉండే రిథమ్ సెక్షన్‌కు చాలాసార్లు కార్డ్ షీటు (స్వరసమూహాల పేర్లు మాత్రం రాసిన కాగితం) మాత్రమే ఉండేది, పర్కషన్‌కు అదీ దక్కేది కాదు. నిర్మాత నోటితో ఏదో అని చూపిస్తాడు, లేదా ఏమీ చెప్పడు. డ్రమ్స్ ఎక్కడ పడుతున్నాయో, బాస్ ఎక్కడ ఊపిరి పీలుస్తోందో వింటూ, తనకు మిగిలిన సందు ఏదో వాద్యకారుడే వెతుక్కోవాలి. మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో ఢోలక్, తబలా, మోర్సింగ్ వాయించిన మనవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. సంగీత దర్శకుడు నడక చెబితే, ఆ నడకలో ఏ జతులు పడాలో, పల్లవి నుంచి చరణానికి వెళ్లేచోట ఏ ముక్తాయింపు వేయాలో అక్కడికక్కడ తేల్చినవాడు వాద్యకారుడే. ఆ తేల్చడాన్ని రచన అనాలని నేను వాదిస్తాను. ఒప్పందం మాత్రం దాన్ని గంటల లెక్కన కొన్న కూలి పనిగా చూస్తుంది.

మోటౌన్ ధ్వనిలో టాంబరిన్‌కు అంత ప్రాధాన్యం రావడానికి ఒక సాంకేతిక కారణం కూడా ఉంది. 1960లలో అమెరికా యువత పాటలు ఎక్కువగా విన్నది కారు రేడియోలోనూ చేతిలో పట్టే ట్రాన్సిస్టర్‌లోనూ. ఆ చిన్న స్పీకర్లు మంద్రాన్ని సరిగా పలికించలేవు. బాస్ గిటారు ఎంత గొప్పగా వాయించినా సగం మాయమవుతుంది. పైస్థాయి ధ్వనులు మాత్రం ఇంజను హోరులోంచి కూడా దూసుకొస్తాయి. మోటౌన్ ఇంజనీర్లు ఈ సంగతి గ్రహించి, కారులో ఉండేలాంటి చిన్న స్పీకరును స్టూడియోలోనే పెట్టుకుని మిక్సింగ్ సరిచూసుకునేవారు. కారు రేడియోలో రెండో దెబ్బనూ నాలుగో దెబ్బనూ చెవికి చేర్చేది యాష్‌ఫర్డ్ టాంబరిన్. సుప్రీమ్స్ బృందం 1966లో పాడిన 'యూ కాంట్ హర్రీ లవ్' పాటను ఈసారి ఫోన్ స్పీకరులో పెట్టి వినండి. బాస్ తగ్గిపోతుంది, టాంబరిన్ మిగులుతుంది, పాట నిలబడే ఉంటుంది.

ఇంకో ఇబ్బంది ఉంది. అప్పట్లో రిథమ్ వాద్యాలన్నీ ఒకే గదిలో ఒకేసారి వాయించేవారు. టాంబరిన్ శబ్దం పదునైనది కాబట్టి అది పక్కవాళ్ల మైకులన్నింటిలోకీ చొరబడుతుంది. ఒకసారి చొరబడ్డాక దాన్ని తీయడం ఎవరి తరమూ కాదు. అందువల్ల పర్కషనిస్టు తప్పు చేస్తే అందరి టేకూ పోతుంది. ఆ గదిలో టాంబరిన్ పట్టినవాడి మీద ఉన్న ఒత్తిడి ఎంతో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

ఆ గదిలో శబ్దాల కోసం సాగిన వెతుకులాట కూడా చెప్పుకోదగినదే. మార్తా అండ్ ద వాండెల్లాస్ బృందం 1965లో పాడిన 'నోవేర్ టు రన్' పాటలో వినిపించే లోహపు మోత కోసం, మంచులో జారకుండా కారు చక్రాలకు చుట్టే గొలుసులు వాడారు. డెట్రాయిట్ కార్ల నగరం, శీతాకాలంలో అక్కడ ఇంటింటా ఉండే వస్తువది. సుప్రీమ్స్ 1964 పాట 'వేర్ డిడ్ అవర్ లవ్ గో'లో చప్పట్లలా వినిపించేవి చెక్కల మీద కాళ్లతో వేసిన దెబ్బలు. పర్కషన్ అంటే కొన్న వాద్యాల పెట్టె అనుకునే నేటి కుర్రవాళ్లకు ఈ సంగతులు తప్పక చెప్పాలి.

ఇప్పుడు డబ్బు సంగతికి వద్దాం. తొలి సంవత్సరాల్లో ఆ వాద్యకారులకు ఇచ్చింది చాలా తక్కువ. తరువాత వాద్యకారుల సంఘం నిర్ణయించిన రేట్లు వచ్చాయి, ముఖ్యులకు జీతాలూ ఏర్పడ్డాయి. అమెరికన్ వాద్యకారుల సంఘం ఒప్పందం ప్రకారం ఒక సెషన్ అంటే 3 గంటలు. ఆ సమయంలో 15 నిమిషాలకు మించని పూర్తయిన సంగీతాన్ని సంస్థ తీసుకోవచ్చు. మన కాల్‌షీట్ పద్ధతి వంటిదే. పాట లక్షల్లో అమ్ముడుపోయినా ఆ 3 గంటల రేటు మారదు. రికార్డుల అమ్మకాల నుంచి కొంత సొమ్మును సెషన్ వాద్యకారులకు 5 ఏళ్లపాటు పంచే ప్రత్యేక నిధి 1964లో ఏర్పడింది. అయితే అందులో వాటా రావాలంటే ఆ సెషన్‌కు సంఘం ఫారం నింపి, అందులో మన పేరూ వాద్యమూ తేదీ ఉండాలి. కాగితం మీద పేరు లేని సెషన్‌కు పైసా కూడా రాదు.

కుటుంబాలు నడవాలి కాబట్టి ఫంక్ బ్రదర్స్ బయటి సంస్థలకూ చాటుగా వాయించారు. 1966లో కాపిటల్స్ బృందం పేరున వచ్చిన 'కూల్ జర్క్' అలాంటిదే. యాష్‌ఫర్డ్ స్వయంగా డెట్రాయిట్‌లోనే మరికొందరితో కలిసి పైడ్ పైపర్ ప్రొడక్షన్స్ తరఫున పాటలు రాసి నిర్మించారు కూడా. ఒక్క సంస్థ మీద ఆధారపడకూడదన్న గ్రహింపు ఆయనకు తొందరగానే కలిగింది.

మోటౌన్ ఆల్బమ్ మీద ఈ వాద్యకారుల పేర్లు మొదటిసారి అచ్చయింది 1971 మే నెలలో, మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్'తో. యాష్‌ఫర్డ్ చేరిన 8 ఏళ్లకు. బెన్నీ బెంజమిన్ అప్పటికే రెండేళ్ల క్రితం, 1969లో, కన్నుమూశారు. ఆ ఆల్బమ్‌లో బాంగో వాయించినవారిలో బాబీ హాల్ అనే యువతి కూడా ఉన్నారు. డెట్రాయిట్‌లోనే పుట్టి, చిన్న వయసులో మోటౌన్ సెషన్లలో పేరు లేకుండా వాయించి, తరువాత లాస్ ఏంజెలెస్‌లో ఎంతో గిరాకీ ఉన్న పర్కషనిస్టుగా ఎదిగి, 1978లో గాయకుడు బాబ్ డిలన్‌తో పర్యటించారు. లయవాద్యం మగవాళ్ల సొత్తు అని ఇప్పటికీ అనుకునే మన దగ్గర ఆమె గురించి విడిగా ఒక ప్రసంగం జరగాలి.

పేర్లు అచ్చయిన మరుసటి ఏడాదే, 1972లో, మోటౌన్ తన మకాం లాస్ ఏంజెలెస్‌కు మార్చింది. వాద్యకారులకు ఆ కబురు తెలిసింది స్టూడియో తలుపు మీద అంటించిన కాగితం ద్వారా. జేమర్సన్, ఎడ్డీ బ్రౌన్ వంటి కొందరు కాలిఫోర్నియా వెళ్లారు. జేమర్సన్ 1983లో, బ్రౌన్ 1984లో అక్కడే మరణించారు. డెట్రాయిట్‌లో ఒకే గదిలో, ఒకే మనుషులతో, ఒకరి ఊపిరి ఒకరు వింటూ పనిచేసిన పద్ధతి లాస్ ఏంజెలెస్‌లో లేదు. అక్కడ వాద్యకారుడు పొద్దున ఒక స్టూడియో, మధ్యాహ్నం ఒకటి, రాత్రి మరొకటి తిరగాలి. ఏ గాయకుడి శైలికైనా పది నిమిషాల్లో ఒదగాలి. ఆ పద్ధతికి అద్భుతంగా సరిపోయినవారు రియో డి జనీరోలో పుట్టి 1970లలో అమెరికా చేరిన పౌలీన్యో డ కోస్టా. మైకేల్ జాక్సన్ 1982 నాటి 'థ్రిల్లర్' ఆల్బమ్‌లో వినిపించే పర్కషన్‌లో ఆయన చేయి ఉంది.

1980లో రోజర్ లిన్ తయారుచేసిన ఎల్.ఎం.-1 అనే డ్రమ్ యంత్రం వచ్చింది. నిజమైన వాద్యాల శబ్దాలను నింపి అమ్మిన తొలి డ్రమ్ యంత్రమది. దాని బటన్లలో ఒకటి టాంబరిన్, మరొకటి పూసల రాపిడితో మోగే కబాసా, ఇంకా రెండు కాంగాలు, కౌబెల్ అనే లోహపు గంట, చప్పట్లు కూడా ఉన్నాయి. అందరూ డ్రమ్మర్లకు ముప్పు వచ్చిందన్నారు కానీ, నా ఉద్దేశంలో ముందు దెబ్బ తిన్నది సాధారణ స్థాయి పర్కషనిస్టు. రెండూ నాలుగూ కొట్టి వెళ్లేవారి పని యంత్రం తీసుకుంది. యంత్రపు నడక మీద మనిషి ఊపు చేర్చగలిగిన కొద్దిమందికి మాత్రం పని పెరిగింది. మద్రాసులోనూ కీబోర్డులు, రిథమ్ ప్యాడ్లు వచ్చినప్పుడు ఇలాగే జరిగింది. కొత్త శబ్దాల కోసం నిరంతరం వెతికిన శివమణి వంటివారు వేదిక మీదికి కూడా వచ్చి పేరు నిలుపుకున్నారు, 2019లో పద్మశ్రీ అందుకున్నారు. వారితో పాటు అదే థియేటర్లలో కూర్చుని వాయించిన ఎంతోమంది పేర్లు వారి ఇళ్లలో తప్ప ఎక్కడా లేవు.

యాష్‌ఫర్డ్‌కు, మిగిలినవారికి గుర్తింపు వచ్చింది 2002లో, వారి మీద డాక్యుమెంటరీ చిత్రం విడుదలయ్యాక. 2003లో ఆ చిత్ర సంగీతానికి రెండు గ్రామీ సంగీత పురస్కారాలు, 2004లో జీవిత సాఫల్య గ్రామీ, 2013లో హాలీవుడ్ కాలిబాట మీద నక్షత్రం. అధికారికంగా గుర్తించిన ఫంక్ బ్రదర్స్ 13 మంది. డ్రమ్మర్ రిచర్డ్ అలెన్ ఆ చిత్రం విడుదలకు కొద్ది నెలల ముందే చనిపోయారు. ఈ పురస్కారాల గురించి ఇంతకంటే చెప్పను. సత్కారం ఆలస్యంగానైనా జరుగుతుంది, నన్ను కలవరపెట్టేది హక్కుల విషయం.

అమెరికాలో ఆకాశవాణి తరహా రేడియోలో పాట మోగితే రచయితకూ స్వరకర్తకూ సొమ్ము వస్తుంది. పాడినవారికీ వాయించినవారికీ రాదు. 1995లో చేసిన చట్టం వల్ల డిజిటల్ ప్రసారాలకు మాత్రం రుసుము ఏర్పడింది. అందులో రికార్డు హక్కుదారుకు 50 శాతం, ప్రధాన కళాకారుడికి 45 శాతం, మిగిలిన 5 శాతంలో సగం నేపథ్య గాయకులకు, సగం సెషన్ వాద్యకారులకు. రెండున్నర శాతమైనా వచ్చిందని సంతోషిద్దామంటే, 1972 ఫిబ్రవరి 15కు ముందు రికార్డయిన పాటలు ఫెడరల్ (అంటే దేశమంతటికీ వర్తించే) కాపీరైటు పరిధిలో ఉండేవి కావు. యాష్‌ఫర్డ్ డెట్రాయిట్‌లో వాయించిన పాటలు దాదాపు అన్నీ ఆ తేదీకి ముందువే. ఆ లోటును పూడ్చిన చట్టం 2018 అక్టోబరులో వచ్చింది. అప్పటికి 13 మందిలో జీవించి ఉన్నది ఇద్దరు: యాష్‌ఫర్డ్, గిటారు వాయించిన జో మెస్సీనా. 2022లో మెస్సీనా మరణించాక యాష్‌ఫర్డ్ ఒక్కరే మిగిలారు.

మన దేశంలో 1957 కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ, ప్రదర్శకులకు తమ ప్రదర్శన వాణిజ్యపరంగా వాడినప్పుడు రాయల్టీ పొందే హక్కునిచ్చింది. వాద్యకారుడు కూడా ఆ చట్టం దృష్టిలో ప్రదర్శకుడే. అయితే అదే సవరణలో సినిమాల విషయంలో ఒక మినహాయింపు ఉంది: ఎవరి ప్రదర్శన యాదృచ్ఛికమో, ఆనుషంగికమో (అంటే ప్రధానం కాకుండా పక్కన ఉండేదో) అయి, పైగా పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిల్స్‌తో సహా ఎక్కడా ఎవరి పేరు వేయరో, వారిని ప్రదర్శకులుగా పరిగణించరు. పేరుకు భంగం కలిగించే వక్రీకరణను అడ్డుకునే హక్కు ఒక్కటే వారికి మిగులుతుంది. పల్లవి మొదలయ్యే ముందు వినబడే ఢోలక్ నడకను ఆనుషంగికమని నేను ఏనాటికీ ఒప్పుకోను. కానీ రేపు ఎవరైనా న్యాయస్థానంలో అలా వాదించదలిస్తే, టైటిల్స్‌లో పేరు లేకపోవడం వారి చేతికి మనం అందించిన ఆయుధమవుతుంది. పేరు వేయించుకోవడం గొప్ప కోసమని కొందరు పెద్ద వాద్యకారులు సిగ్గుపడి ఊరుకుంటారు. అది వారి పిల్లలకు చెందాల్సిన ఆస్తి విషయమని వారికి చెప్పాల్సిన బాధ్యత మన మీద ఉంది.

ఈ సభలో రికార్డింగ్ ఇంజనీర్లూ, సంగీత దర్శకుల వద్ద ఏర్పాట్లు చూసే కోఆర్డినేటర్లూ ఉన్నారు. వారిని నేను చేతులెత్తి అడిగేది ఒక్కటి. ప్రతి కాల్‌షీట్‌కూ ఒక కాగితం పెట్టండి: తేదీ, థియేటరు, పాట పల్లవి, వాయించినవారి పూర్తి పేరు, వాయించిన ప్రతి వాద్యం. రిథమ్ అని ఒక్క మాటలో సరిపెట్టకుండా ఢోలక్ ఎవరు, తబలా ఎవరు, టాంబరిన్ ఎవరు అని విడివిడిగా రాయండి. ఒక నకలు వాద్యకారుడికి ఇవ్వండి, ఒకటి యూనియన్‌కు పంపండి. పాటను ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు ఆ పేర్లనే అక్కడ నింపండి. పాత పాటల విషయంలో, ఆ సెషన్లలో కూర్చున్న పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. వారి ఇళ్లకు వెళ్లి, పాటలు వినిపించి, ఎవరు ఏది వాయించారో వారి నోటనే రికార్డు చేయడానికి ఇద్దరు ముగ్గురు యువకులు ముందుకొస్తే, ఆ పనికి కావలసిన పాటల జాబితా నేను సిద్ధం చేసి ఇస్తాను. ప్రసంగం ముగిశాక ఇక్కడే ఉంటాను, ఆసక్తి ఉన్నవారు వచ్చి కలవండి.

నమస్కారం.